తక్కెడలో కూర్చున్న తూకందారు: వెబ్ ఎలిమెంట్లను డీబగ్ చేసే ఓపెన్ సోర్స్ సాధనాన్ని ఎలా పరీక్షించాలి

ఒక వెబ్ పేజీలో బటన్ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కానీ ఎన్నిసార్లు నొక్కినా పలకదు. మరొక పేజీలో ఎవరూ కోరని అడ్డ స్క్రోల్‌బార్ అడుగున ప్రత్యక్షమవుతుంది. ఇటువంటి తప్పుల మూలాన్ని పట్టుకోవడానికి, పేజీలోని ఎలిమెంట్లను (బటన్, లింకు, పేరా వంటి భాగాలను) ఒక్కొక్కటిగా గుర్తించి వాటి కొలతలనూ స్టైళ్లనూ చూపించే చిన్న జావాస్క్రిప్ట్ సాధనాలు ఓపెన్ సోర్స్‌లో చాలానే దొరుకుతాయి. వాటిలో ఒకదాన్ని మీ పనిలోకి తీసుకునే ముందు ఏ పరీక్షలు చేయాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ సాధనాలకూ, బ్రౌజర్‌తో పాటే వచ్చే డెవలపర్ టూల్స్‌కూ మౌలికమైన తేడా ఒకటి ఉంది. బ్రౌజర్ సొంత టూల్స్ పేజీకి వెలుపల ఉండి లోపలికి చూస్తాయి. మనం పరిశీలించబోయే సాధనం మాత్రం పేజీ లోపలే నడుస్తుంది, పేజీకి ఉన్న హక్కులన్నీ దానికీ ఉంటాయి, పేజీకి ఉన్న కట్టుబాట్లన్నీ దాన్నీ కట్టేస్తాయి. తూకం వేసే మనిషే తక్కెడలో కూర్చున్నట్టన్న మాట. అందువల్ల దాన్ని రెండు ప్రశ్నలతో కొలవాలి: అది చెబుతున్నది నిజమేనా? చెప్పే క్రమంలో తానే పేజీని మార్చేస్తోందా? సౌకర్యాల జాబితా ఎంత పొడవుగా ఉన్నా, ఈ రెండింటికీ సరైన జవాబు లేని సాధనం మీ సమయాన్ని ఆదా చేయదు, తినేస్తుంది.

మొదటి అడుగు: అవసరం ఉందో లేదో తేల్చుకోండి

2006లో ఫైర్‌ఫాక్స్‌కు ఫైర్‌బగ్ అనే యాడ్-ఆన్ వచ్చిన రోజుల్లో, పేజీని విప్పి చూపించే సాధనం దొరకడమే గొప్ప. మిగతా బ్రౌజర్ల వాళ్ల కోసం ఫైర్‌బగ్ లైట్ అనే జావాస్క్రిప్ట్ రూపం కూడా వచ్చింది. దాన్ని పేజీలోకి ఎక్కించుకుని వాడుకునేవారు. ఆ తరువాత ప్రతి బ్రౌజరూ సొంత టూల్స్ సమకూర్చుకుంది, 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 విడుదలతో ఫైర్‌బగ్ పని ముగిసింది. కాబట్టి మీరు డెస్క్‌టాప్ మీద, మామూలు బ్రౌజర్‌లోనే పని చేస్తున్నట్లయితే మరో సాధనం అవసరమా అని మొదట మిమ్మల్ని మీరే అడగండి. చాలాసార్లు జవాబు అవసరం లేదనే వస్తుంది, అక్కడితో ఆగిపోవడంలో తప్పేమీ లేదు.

నిజమైన అవసరం కొన్ని చోట్ల కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌ను పరిశీలించాలంటే ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపాలి, ఐఫోన్‌లోని సఫారీకి మ్యాక్ కావాలి. యాప్ లోపలి వెబ్‌వ్యూలో (యాప్‌లోనే వెబ్ పేజీని చూపించే కిటికీలో) తెరుచుకునే పేజీనైతే, ఆ యాప్ తయారు చేసినవారు డీబగ్ చేయడానికి అనుమతించి ఉంటేనే బయటి నుంచి చూడగలం. ఫోన్ ఒక ఊళ్లో, డెవలపర్ మరో ఊళ్లో ఉన్నప్పుడు పేజీలోనే తెరుచుకునే ఎరుడా, వీకన్సోల్ వంటివి ఉపయోగపడతాయి. కోడ్‌తో పరిచయం లేని డిజైనర్ నేరుగా పేజీ మీదే దూరాలను కొలుచుకోవాలనుకుంటే విజ్‌బగ్ వంటిది వేరే తరహా సాధనం. మీ అవసరాన్ని ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. ఎవరు, ఏ పరికరం మీద, ఏ రకమైన తప్పును వెతకడానికి వాడతారో ఆ వాక్యంలో ఉండాలి. తరువాతి అడుగుల్లో ఏ లోపాన్ని క్షమించవచ్చో, దేన్ని క్షమించకూడదో ఆ వాక్యమే నిర్ణయిస్తుంది.

రెండవ అడుగు: లైసెన్స్ చదవండి

ఇది పది నిమిషాల పని. కోడ్ అందరికీ కనిపించేలా ఉన్నంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ నిల్వ ఉండే చోట) లైసెన్స్ ఫైలే లేకపోతే, హక్కులన్నీ రాసినవారి దగ్గరే ఉన్నట్టు భావించాలి. ఎంఐటీ లైసెన్స్ అయితే కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ పాఠాన్నీ వెంట ఉంచితే సరిపోతుంది, అపాచీ 2.0 దానికి తోడు పేటెంట్ల విషయంలోనూ స్పష్టమైన అనుమతి ఇస్తుంది. జీపీఎల్ కిందున్న సాధనాన్ని మీ యంత్రంలో మీరు వాడుకోవడానికి ఏ అడ్డూ లేదు, కానీ దాన్ని మీ ఉత్పత్తి కోడ్‌తో కలిపి ఇతరులకు పంచితే బాధ్యతలు మొదలవుతాయి. సాధనం లోపల ఇమిడి ఉన్న ఐకాన్లకు, ఫాంట్లకు, కోడ్‌కు రంగులు వేసే లైబ్రరీలకు వేరే లైసెన్సులు ఉండవచ్చు, వాటినీ ఒకసారి చూడండి.

మూడవ అడుగు: ప్రాజెక్టు వెనుక ఎవరున్నారో చూడండి

గిట్‌హబ్‌లోని నక్షత్రాల సంఖ్యను నేను పెద్దగా పట్టించుకోను. అది ఒకప్పుడు ఎంతమందికి నచ్చిందో చెబుతుంది, ఈ రోజు ఎవరైనా చూసుకుంటున్నారా అన్నది చెప్పదు. దానికి బదులు ఇష్యూల (వాడేవారు నివేదించిన తప్పుల) జాబితా తెరిచి, ఇటీవల మూసిన ఓ ఇరవై ఇష్యూలను చదవండి. తప్పును నివేదించిన వ్యక్తికి ఎలాంటి జవాబు వచ్చింది, ఆ తప్పు నిజంగా సరిదిద్దబడిందా లేక పాతబడిందన్న కారణంతో దానంతటదే మూతపడిందా, సరిదిద్దినప్పుడు ఒక పరీక్ష కూడా రాశారా అన్నవి గమనిస్తే ప్రాజెక్టు స్వభావం అర్థమవుతుంది. చివరి కమిట్ (కోడ్‌లో నమోదైన మార్పు) పాతదైనంత మాత్రాన భయపడనక్కర్లేదు. ఒకే ఒక్క పని చేసే రెండు వందల పంక్తుల సాధనం పూర్తయిపోయి ప్రశాంతంగా ఉండవచ్చు. బ్రౌజర్లు మారుతున్న కొద్దీ మారక తప్పని పెద్ద సాధనం ప్రశాంతంగా ఉంటే మాత్రం అనుమానించండి.

భద్రత విషయంలో ఇక్కడ కొంత ఓపిక అవసరం. 2018లో, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎంలోని ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ నిర్వహణ కొత్త వ్యక్తి చేతికి వెళ్లాక, దాని మీద ఆధారపడిన ఒక బిట్‌కాయిన్ వాలెట్‌ను లక్ష్యంగా చేసుకున్న దొంగ కోడ్ అందులోకి చేరింది. 2021 అక్టోబరులో యూఏ-పార్సర్-జేఎస్ అనే ప్యాకేజీ నిర్వాహకుడి ఖాతాను దొంగిలించి విషపూరితమైన వెర్షన్లను విడుదల చేశారు. 2022 జనవరిలో కలర్స్ అనే ప్యాకేజీని రాసిన వ్యక్తే దాన్ని ఉద్దేశపూర్వకంగా పాడు చేశాడు. 2024 జూన్‌లో, చేతులు మారిన పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ నుంచి స్క్రిప్టును నేరుగా తెచ్చుకుంటున్న సైట్లకు హానికరమైన కోడ్ అందింది. ఈ నాలుగింటిలోనూ దారులు వేరు వేరు: అప్పగింత, ఖాతా దొంగతనం, రచయిత కోపం, డొమైన్ అమ్మకం. మీరు ఒకసారి చూసిన కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా తరువాత మీ దగ్గరికి వచ్చేది అదే అని చెప్పలేమన్నది వీటన్నిటిలోనూ ఉన్న పోలిక.

కాబట్టి ఈ పనులు చేయండి. ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయకుండా ముందు దాని టార్ ఫైలును (ప్యాకేజీ ఫైళ్లన్నీ కట్టి ఉంచిన మూటను) దించుకుని, విప్పి, రిపాజిటరీలో అదే వెర్షన్ ట్యాగ్ దగ్గరున్న ఫైళ్లతో పోల్చండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దానంతటదే నడిచే స్క్రిప్టులు ప్యాకేజీ వివరాల ఫైలులో ఉన్నాయేమో చూడండి. ఎలిమెంట్లను చూపించే సాధనానికి అటువంటి స్క్రిప్టుతో సాధారణంగా పనే ఉండదు. అది ఎన్ని ఇతర ప్యాకేజీల మీద ఆధారపడిందో లెక్కించండి. స్క్రిప్టును సీడీఎన్ (ఫైళ్లను అందించే బయటి సర్వర్ల వలయం) నుంచి తెచ్చుకోవలసి వస్తే "తాజా వెర్షన్" అని వదిలేయకుండా కచ్చితమైన వెర్షన్ సంఖ్య రాసి, స్క్రిప్టు ట్యాగుకు ఇంటెగ్రిటీ హ్యాష్ (ఫైలు వేలిముద్ర వంటి సంకేతం) జోడించండి. అప్పుడు ఫైలులో ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ దాన్ని నడపడానికి నిరాకరిస్తుంది.

నాలుగవ అడుగు: కోడ్‌లో కొన్ని మాటల కోసం వెతకండి

మొత్తం కోడ్ చదవడం అందరికీ వీలుకాదు, కానీ వెతకడం వీలవుతుంది. ఫెచ్, ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ‌రిక్వెస్ట్, వెబ్‌సాకెట్, సెండ్‌బీకన్ అన్నవి ఎక్కడ కనిపించినా, సమాచారం బయటికి వెళ్లే దారి అక్కడ ఉండవచ్చు. ఒక సాధనం నెట్‌వర్క్ రాకపోకలను చూపించడానికి ఫెచ్‌ను తనదైన ఫంక్షన్‌తో కప్పడం న్యాయమైన అవసరమే, కానీ ఆ కప్పడం ఏ ఫైలులో, ఎందుకు జరుగుతోందో మీరు చెప్పగలగాలి. ఇవాల్, లోకల్‌స్టోరేజ్, డాక్యుమెంట్ కుకీ అన్న మాటలనూ అలాగే వెతకండి. హెచ్‌టీటీపీ‌ఓన్లీ గుర్తు లేని కుకీలనూ, లోకల్‌స్టోరేజ్‌లోని లాగిన్ టోకెన్లనూ పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా చదవగలదు, ఈ సాధనం కూడా చదవగలదు. అందుకే పరీక్ష పూర్తయ్యేదాకా దాన్ని మీరు లాగిన్ అయి ఉన్న నిజమైన ఖాతాల పేజీలలో తెరవకండి.

ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ కోసం వెతకడం మరీ ముఖ్యం. ఎలిమెంట్‌లోని పాఠాన్ని, యాట్రిబ్యూట్లను తన ప్యానెల్‌లో చూపించేటప్పుడు సాధనం వాటిని సాదా పాఠంగా కాకుండా హెచ్‌టీఎంఎల్‌గా అతికిస్తే, పేజీలో నిద్రాణంగా ఉన్న హానికరమైన పాఠం సాధనం చేతుల మీదుగా ప్రాణం పోసుకుంటుంది. దీన్ని పరీక్షించడం సులువు. పరీక్ష పేజీలో ఒక ఎలిమెంట్ టైటిల్ యాట్రిబ్యూట్ లోపల, లేని చిత్రాన్ని చూపే ఇమేజ్ ట్యాగును, దాని ఆన్‌ఎర్రర్‌లో ఒక అలర్ట్‌ను పాఠంగా రాసి ఉంచండి. ఆ ఎలిమెంట్‌ను సాధనంతో ఎంచుకోగానే అలర్ట్ తెరుచుకుంటే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు. వీలైతే నిర్వాహకులకు గోప్యంగా తెలియజేసి, మరో సాధనం చూసుకోండి.

ఐదవ అడుగు: జవాబులు ముందే తెలిసిన పరీక్ష పేజీని తయారు చేయండి

ఈ పనికి మొత్తం మీద ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. సాధనం తయారీదారులు చూపించే డెమో పేజీ వాళ్ల బలాలకు తగ్గట్టుగా ఉంటుంది. మీరు ఒక సాదా హెచ్‌టీఎంఎల్ ఫైలులో, సరైన జవాబు మీకు ముందే తెలిసిన చిక్కులను ఒక్కొక్కటిగా పేర్చి, ఒక్కోదాని పక్కన ఆ జవాబును రాసి ఉంచుకోవాలి. నేను ఎప్పుడూ పెట్టేవి ఇవి.

మొదటిది కొలతల చిక్కు. 200 పిక్సెళ్ల వెడల్పున్న పెట్టెను ట్రాన్స్‌ఫార్మ్ (లేఔట్‌ను కదల్చకుండా తెర మీది రూపాన్ని మాత్రమే మార్చే స్టైల్) ద్వారా సగానికి కుదించండి. ఆఫ్‌సెట్‌విడ్త్ 200 అనే చెబుతుంది, కంప్యూటెడ్ స్టైల్ కూడా 200 అనే చెబుతుంది, గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ మాత్రం 100 అంటుంది. మూడూ నిజాలే, కాకపోతే వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. సాధనం ఏ సంఖ్య చూపినా నాకు అభ్యంతరం లేదు, కానీ తాను చూపుతున్నది లేఔట్ కొలతా, తెర మీది కొలతా అన్నది చెప్పాలి. దానికి తోడుగా, కింది మార్జిన్ 20, పై మార్జిన్ 30 ఉన్న రెండు బ్లాకులను ఒకదాని కింద ఒకటి పెట్టండి. మార్జిన్లు కలిసిపోవడం వల్ల వాటి మధ్య ఖాళీ 50 కాదు, 30 ఉంటుంది. దూరం కొలిచే సౌకర్యం ఉందని చెప్పుకునే సాధనం ఇక్కడ 30 అనాలి. రెండు పంక్తులలోకి విరిగిన ఒక లింకును కూడా చేర్చండి. దాని చుట్టూ సాధనం ఒకే పెద్ద దీర్ఘచతురస్రం గీస్తే, లింకు కాని పాఠం కూడా అందులో చేరిపోతుంది, మీరు తప్పు చోట వెతకడం మొదలుపెడతారు.

రెండవది కనిపించని ఎలిమెంట్ల చిక్కు. ఒక బటన్ మీద పూర్తిగా పారదర్శకమైన పొరను పరచండి; మొదటి పేరాలో చెప్పిన పలకని బటన్ సాధారణంగా ఇలాగే పుడుతుంది. సాధనంతో బటన్ మీద నొక్కినప్పుడు అది పొర పేరు చెప్పాలి, కింద బటన్ కూడా ఉందని చూపించగలిగితే ఇంకా మంచిది. తరువాత మరో చోట, పాయింటర్-ఈవెంట్స్ నన్ అని పెట్టిన (నొక్కులను తన గుండా కిందికి వదిలే) ఒక పొరను పరచండి. తెర మీది ఒక బిందువు దగ్గర ఏ ఎలిమెంట్ ఉందో చెప్పే ఎలిమెంట్‌ఫ్రమ్‌పాయింట్ అనే బ్రౌజర్ ఫంక్షన్ ఇటువంటి పొరను లెక్కలోకే తీసుకోదు కాబట్టి, దాని మీద మాత్రమే ఆధారపడిన సాధనానికి ఆ పొర ఎప్పటికీ దొరకదు. డిస్‌ప్లే కంటెంట్స్ అని పెట్టిన ఎలిమెంట్‌కు సొంత పెట్టె అంటూ ఉండదు, దాని కొలతలన్నీ సున్నాలే వస్తాయి. అక్కడ సాధనం మౌనంగా తెర ఎడమ పైమూలన ఒక చుక్క గీసి ఊరుకుంటే అది లోపమే.

మూడవది సరిహద్దుల చిక్కు. బిఫోర్ సూడో ఎలిమెంట్‌తో (హెచ్‌టీఎంఎల్‌లో లేకుండా స్టైల్ మాత్రమే పుట్టించే భాగంతో) గీసిన ఒక ఐకాన్, ఓపెన్ షాడో డామ్ (ఎలిమెంట్ లోపల పేజీ నుంచి వేరుగా ఉండే చెట్టు) ఉన్న ఒక కస్టమ్ ఎలిమెంట్, క్లోజ్డ్ షాడో డామ్ ఉన్న మరొకటి, వేరే డొమైన్ నుంచి వచ్చే ఒక ఐఫ్రేమ్ (పేజీలో పొదిగిన మరో పేజీ) పెట్టండి. చివరి రెండింటి లోపలికి పేజీలోని స్క్రిప్టు మామూలుగా వెళ్లలేదు, బ్రౌజర్ నియమాలే అలా ఉన్నాయి. సాధనం నుంచి నేను కోరేది అసాధ్యాన్ని కాదు, "ఇక్కడి నుంచి లోపలికి చూడలేను" అన్న ఒక్క సూచనను. ఎలిమెంట్ల చెట్టును ఖాళీగా చూపిస్తే లోపల ఏమీ లేదని నమ్మేస్తాం. ఈవెంట్ల విషయమూ ఇంతే. నొక్కడం వంటి ఈవెంట్ జరిగినప్పుడు నడిచేలా యాడ్‌ఈవెంట్‌లిజనర్‌తో తగిలించిన ఫంక్షన్ల జాబితాను ఇవ్వమని పేజీలోని స్క్రిప్టు బ్రౌజర్‌ను అడిగే మార్గం లేదు. ఆ జాబితా చూపుతానని చెప్పే సాధనం, ఆ ఫంక్షన్‌ను ముందుగానే తన రూపంతో కప్పి ఉండాలి. అంటే తనకంటే ముందు నడిచిన స్క్రిప్టులు తగిలించినవి దాని జాబితాలో ఉండవు. పేజీ మొదట్లో ఒకటి, సాధనం తెరిచాక ఒకటి తగిలించి, రెండింటిలో ఏది కనిపిస్తుందో చూడండి.

చివరిగా డైలాగ్ ఎలిమెంట్‌ను షోమోడల్‌తో (మిగతా పేజీని అడ్డగించే మోడల్ రూపంలో) తెరవండి. ఈ పరీక్షలో ఓడిపోయే సాధనాలు చాలానే ఉంటాయి. ప్యానెల్ అన్నిటికంటే పైన ఉండాలని వీటిని రాసినవారు తరచుగా జెడ్-ఇండెక్స్‌కు (ఏ పొర పైన ఉండాలో చెప్పే స్టైల్‌కు) 2147483647 అనే అతి పెద్ద సంఖ్యను ఇస్తారు. కానీ మోడల్ డైలాగ్ ఉండేది టాప్ లేయర్‌లో, అంటే పేజీ మొత్తానికీ పైన బ్రౌజర్ విడిగా ఉంచే పొరలో. అక్కడికి ఏ జెడ్-ఇండెక్సూ చేరలేదు. పైగా డైలాగ్ తెరిచి ఉన్నంతసేపూ దాని వెలుపల ఉన్న భాగమంతా నొక్కడానికి పనికిరాకుండా పోతుంది, సాధనం ప్యానెల్‌తో సహా. మీ సైట్‌లో డైలాగులు ఎక్కువగా ఉంటే ఈ ఒక్క లోపం చాలు, ఆ సాధనాన్ని పక్కన పెట్టడానికి.

ఆరవ అడుగు: సాధనం పేజీని మారుస్తోందా అన్నది కొలవండి

కొంతకాలం క్రితం ఒక లేఔట్ తప్పును వెతుకుతూ నేను ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను. సాధనం తెరవగానే తప్పు మాయమయ్యేది, మూయగానే తిరిగి వచ్చేది. చివరికి తేలిందేమిటంటే, ఫుటర్‌కు స్టైల్ ఇస్తున్న నియమం బాడీలోని చివరి పిల్ల ఎలిమెంట్‌ను ఉద్దేశించి రాసినది. సాధనం తన ప్యానెల్‌ను బాడీ చివర చేర్చగానే చివరి పిల్ల స్థానం ప్యానెల్‌కు దక్కింది, ఫుటర్ ఆ నియమం నుంచి తప్పించుకుంది. అప్పటి నుంచి ఈ అడుగును నేను దాటవేయడం లేదు.

పద్ధతి ఇది. సాధనం తెరవకముందు, పేజీలోని ప్రతి ఎలిమెంట్ బౌండింగ్ రెక్ట్‌నూ (తెర మీది స్థానాన్నీ కొలతలనూ) చదివి ఒక జాబితాగా దాచే చిన్న ఫంక్షన్ రాసుకోండి. విండో ఆబ్జెక్ట్ మీదున్న పేర్లను, లోకల్‌స్టోరేజ్‌లోని కీలను, డాక్యుమెంట్‌లోని స్టైల్‌షీట్ల సంఖ్యను కూడా దాచండి. సాధనం తెరిచి మళ్లీ చదవండి. ఒక ఎలిమెంట్‌ను ఎంచుకుని హైలైట్ చేసి ఇంకోసారి, సాధనాన్ని మూసేశాక చివరిసారి చదవండి. నాలుగు జాబితాలను పోల్చినప్పుడు, సాధనం సొంత ఎలిమెంట్లు తప్ప మిగతావన్నీ పిక్సెల్ తేడా లేకుండా ఒకేలా ఉండాలి. హైలైట్ కోసం బోర్డర్ వాడిన సాధనం ఇక్కడ వెంటనే దొరికిపోతుంది, ఎందుకంటే బోర్డర్ లేఔట్‌లో చోటు ఆక్రమిస్తుంది, అవుట్‌లైన్ ఆక్రమించదు. అవుట్‌లైన్‌కైనా ఒక మెలిక ఉంది: పేజీలో అప్పటికే ఫోకస్ కోసం అవుట్‌లైన్ ఉంటే, సాధనం దాన్ని తుడిచిపెట్టి తిరిగి ఉన్నదున్నట్టు ఇవ్వకపోవచ్చు. విడిగా ఒక పొర మీద దీర్ఘచతురస్రం గీసి చూపించే సాధనమే ఈ విషయంలో మేలు.

దీనికి తిరగేసిన పరీక్ష కూడా ఉంది: పేజీ సాధనాన్ని మారుస్తోందా? పరీక్ష పేజీలో బటన్లన్నిటికీ వంద శాతం వెడల్పు, డివ్‌లన్నిటికీ ఇంపార్టెంట్ గుర్తుతో ఒక వింత ప్యాడింగ్, మూల ఫాంట్ పరిమాణం 40 పిక్సెళ్లు పెట్టండి. షాడో డామ్ లోపల ఉన్న ప్యానెల్‌కు మొదటి రెండూ తగలవు. కానీ మూల ఫాంట్ పరిమాణాన్ని బట్టి మారే రెమ్ ప్రమాణంలో కొలతలు రాసుకున్న ప్యానెల్, షాడో డామ్ లోపల ఉన్నా సరే, మూల ఫాంట్‌తో పాటే ఉబ్బిపోతుంది.

కన్సోల్‌ను కూడా చూపించే సాధనాలు కన్సోల్ లాగ్‌ను తమ ఫంక్షన్‌తో కప్పుతాయి. దానివల్ల బ్రౌజర్ సొంత కన్సోల్‌లో ప్రతి సందేశం పక్కనా మీ ఫైలు పేరు, పంక్తి సంఖ్యకు బదులు సాధనం ఫైలు పేరే కనిపిస్తుంది. ఫోన్ మీద పని చేసేవారికి ఇది పట్టింపు కాకపోవచ్చు, డెస్క్‌టాప్‌లో చాలా విసిగిస్తుంది. మూసేశాక అసలు ఫంక్షన్ తిరిగి వస్తుందో లేదో కూడా చూడండి.

ఏడవ అడుగు: పెద్ద పేజీ, చిన్న తెర

పది వేల ఎలిమెంట్లున్న పేజీని ఒక లూప్‌తో పుట్టించి, సాధనం తెరిచి, మౌస్‌ను తెర మీద తిప్పుతూ బ్రౌజర్ పర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డ్ చేయండి. సెకనుకు 60 ఫ్రేములు గీసే తెరకు ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లే. మౌస్ కదిలిన ప్రతిసారీ సాధనం ఒక స్టైల్ రాసి, వెంటనే ఒక కొలత చదివి, మళ్లీ రాస్తూ పోతే బ్రౌజర్ ప్రతిసారీ లేఔట్‌ను తిరిగి లెక్కించవలసి వస్తుంది. రికార్డింగ్‌లో అది బలవంతపు రీఫ్లో (లేఔట్ తిరిగి లెక్కింపు) హెచ్చరికగా కనబడుతుంది. మౌస్ కదలనప్పుడు కూడా సీపీయూ పని చేస్తూనే ఉంటే సాధనం నిరంతరం చెట్టును వెతుకుతోందని అర్థం. పదిసార్లు తెరిచి మూసి, మెమరీ ప్యానెల్‌లో స్నాప్‌షాట్ తీసి, విడిపోయిన నోడ్లు (పేజీ నుంచి తీసేసినా మెమరీలో మిగిలిపోయిన ఎలిమెంట్లు) పోగుపడుతున్నాయేమో కూడా చూడండి.

ఫోన్ కోసమే తీసుకుంటున్నట్లయితే ఎమ్యులేటర్‌తో సరిపెట్టుకోకుండా నిజమైన ఫోన్ చేతిలోకి తీసుకోండి. రెండు వేళ్లతో పేజీని పెద్దది చేసి, కొంచెం స్క్రోల్ చేసి, ఒక ఎలిమెంట్‌ను ఎంచుకోండి. హైలైట్ పెట్టె ఎలిమెంట్ మీదే కూర్చుందా, లేక పక్కకు జరిగిందా? కీబోర్డ్ తెరుచుకున్నప్పుడు ప్యానెల్ ఎక్కడికి పోయింది? మౌస్‌ను పైన నిలిపితేనే పని చేసే సౌకర్యాలు వేలికి ఎలా అందుతాయి? ఈ మూడింటికీ జవాబు చూసుకోవడానికి ఐదు నిమిషాలకు మించి పట్టదు.

ఎనిమిదవ అడుగు: కట్టుబాట్లున్న పేజీలో తెరవండి

బుక్‌మార్క్‌లెట్ (నొక్కితే పేజీలో స్క్రిప్టును నడిపే బుక్‌మార్క్) రూపంలో వచ్చే సాధనాలు మీ సొంత పరీక్ష పేజీలో చక్కగా తెరుచుకుని, అసలైన సైట్‌లో ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతాయి. దీనికి ప్రధాన కారణం కంటెంట్ సెక్యూరిటీ పాలసీ, అంటే పేజీలో ఏవి నడవవచ్చో బ్రౌజర్‌కు సైట్ పంపే నియమాలు. పేరు చెప్పిన చోట్ల నుంచి మాత్రమే స్క్రిప్టులను అనుమతించే పేజీలో, బుక్‌మార్క్‌లెట్ వేరే డొమైన్ నుంచి తేబోయే ఫైలును బ్రౌజర్ ఆపేస్తుంది. స్టైళ్ల విషయంలోనూ అంతే: కఠినమైన పాలసీ ఉంటే, పేజీలోకి చేర్చిన స్టైల్ ట్యాగు పని చేయదు, కానీ స్క్రిప్టు ద్వారా ఒక్కో ఎలిమెంట్ స్టైల్ ఆబ్జెక్ట్‌ను మార్చడం పని చేస్తుంది. ట్రస్టెడ్ టైప్స్ (ముందే తనిఖీ అయిన పాఠాన్ని మాత్రమే హెచ్‌టీఎంఎల్‌గా ఒప్పుకునే నియమం) తప్పనిసరి చేసిన పేజీలో ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కు మామూలు పాఠాన్ని ఇవ్వడమే తప్పుగా పరిగణించబడుతుంది. మీ అసలు సైట్ పంపే పాలసీ హెడర్‌నే పరీక్ష పేజీకీ పెట్టి సాధనం తెరవండి. అది పని చేయాలంటే పాలసీని సడలించమని సూచనల పత్రం చెబితే, ఆ సడలింపు డెవలప్‌మెంట్ సర్వర్ దాటి బయటికి పోకుండా చూసే ఏర్పాటు మీ దగ్గర ఉందో లేదో ఆలోచించుకోండి.

అదే విధంగా సాధనం కూడా బయటికి పోకూడదు. దాన్ని డెవలప్‌మెంట్ డిపెండెన్సీగా మాత్రమే చేర్చి, విడుదలకు సిద్ధమైన బండిల్‌లో (కోడ్ అంతా కలిపి కట్టిన ఫైలులో) దాని పేరు కోసం వెతికే ఒక పరీక్షను బిల్డ్ క్రమంలోనే పెట్టండి. అడ్రస్‌కు ఒక ప్రశ్నార్థకం, ఒక పదం తగిలిస్తే సాధనం తెరుచుకునేలా అసలు సైట్‌లో ఏర్పాటు చేసుకోవడం కొందరికి అలవాటు. సౌకర్యంగానే ఉంటుంది, కానీ ఆ పదం తెలిసిన ప్రతివారికీ అదే సౌకర్యం అందుతుంది.

తొమ్మిదవ అడుగు: నిర్ణయాన్ని రాసి పెట్టండి

ఇన్ని పరీక్షల తరువాత మార్కులు వేసి కూడికలు చేయవద్దు. అలర్ట్ తెరుచుకున్న సాధనానికి ప్యానెల్ అందంగా ఉన్నందుకు మార్కులు కలిపి గట్టెక్కించడం అర్థరహితం. మొదటి అడుగులో రాసుకున్న వాక్యాన్ని తిరిగి చదివి, ఆ పనికి అడ్డుపడే లోపాలను ఒక పక్క, భరించగలిగే లోపాలను మరో పక్క రాయండి. క్లోజ్డ్ షాడో డామ్ గురించి సూచన ఇవ్వకపోవడం, మీ సైట్‌లో కస్టమ్ ఎలిమెంట్లే లేకపోతే, రెండో పక్కకు పోతుంది. అదే పత్రంలో పరీక్షించిన వెర్షన్ సంఖ్య, కమిట్ గుర్తు, వాడిన బ్రౌజర్ల వెర్షన్లు, పరీక్షించిన తేదీ ఉండాలి.

దొరికిన లోపాలను నిర్వాహకులకు తెలియజేసేటప్పుడు మీ పరీక్ష పేజీ మొత్తాన్ని పంపకండి. ఆ ఒక్క లోపం మాత్రమే కనబడేలా దాన్ని పదిహేను, ఇరవై పంక్తులకు కుదించి, మీరు ఆశించిన సంఖ్యనూ సాధనం చూపిన సంఖ్యనూ పక్కపక్కన రాసి పంపండి. పరీక్ష పేజీని మాత్రం మీ రిపాజిటరీలోనే ఉంచుకోండి. సాధనం కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఐదవ, ఆరవ అడుగులను దాని మీద మళ్లీ నడిపించి, ఆ తరువాతే వెర్షన్ సంఖ్యను మార్చండి.